ఈ ఏటి అట్టలు

జూన్ వచ్చిందంటే మా ఇంట్లో నా నోటికి సెలవుండదు. మూతల్లేని టిఫిన్ డబ్బాలు, పొట్టివైన యూనిఫాంలు, సగం రాసి పారేసిన నోట్‌బుక్కులు, జత తప్పిన సాక్సులు, అన్నీ మంచాల కిందనుంచి లాగి గది మధ్యలో కుప్ప పోసి, "ఇది ఇల్లా, తుక్కు దుకాణమా?" అని ఒక్కొక్కరి దుంప తెంచుతాను. తొండుపల్లిలో రెండు గదుల ఇల్లు మాది. బడి తెరిచేలోపు పాతవి పోతేనే కొత్తవాటికి చోటు.

నేను అరుస్తుంటే మా ఆయన ఏమీ వినపడనట్టు బిడ్డ పుస్తకాలు ముందేసుకుని అట్టలు వేసేవాడు. ఎయిర్‌పోర్టు కార్గోలో పని. పార్సిళ్లకు చుట్టగా మిగిలిన మందపాటి ఖాకీ కాగితం అడిగి తెచ్చుకునేవాడు. బడికి ముందటి ఆదివారం ఇంకే పనీ ముట్టడు. గమ్ము పూయడు, పిన్ను కొట్టడు, ఉత్త మడతలే. ఏడాది తిరిగినా ఆ అట్ట ఊడేది కాదు.

"కొన్న కవర్లు ఏస్తే ఏమైతది? కూర మాడుతున్నది, జర చూడరాదూ" అనేదాన్ని.

"కూర ఎప్పుడైనా మాడ్తది, బడి మాత్రం రేపే" అనేవాడు తలెత్తకుండా.

పోయిన చలికాలంలో డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే కూలబడ్డాడు. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది.

ఈ జూన్‌లో ఇల్లు సర్దడానికి నాకు చేతులాడలేదు. మంఖాల్ నుంచి మా వదిన, అంటే ఆయన అక్క, వచ్చింది. "ఏడ్సుకుంట కూసుంటే బూజు దానంతటదే పోతదా?" అని కొంగు నడుముకు దోపుకుని చీపురు అందుకుంది. అన్నీ చకచకా వేరు చేసింది. తమ్ముడి డ్యూటీ చొక్కాలు మడిచేటప్పుడు మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంది. సజ్జ మీదంతా వెతికాం. ఖాకీ కాగితం ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

ఏడో తరగతికి పోవాల్సిన మా బిడ్డ పాత పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని మూలన కూర్చుంది. వాటిని ఏటా మా మేడమీద కిరాయికుండేవాళ్ల పాపకిస్తాం. మా బిడ్డకంటే ఒక తరగతి చిన్నది. వాళ్లమ్మ పొద్దున్నే వచ్చి అడిగిపోయింది.

"నేనియ్య. అట్టలు డాడీ ఏసినయి" అంది మా బిడ్డ.

వదిన బజార్లో కొన్న ప్లాస్టిక్ కవర్లు చూపించింది. "చూడు బిడ్డా, ఎట్ల మెరుస్తున్నయో."

"నాకొద్దు. డాడీ అట్టల్లేకుంటే నేను బడికే పోను."

వేరే ఏడాదైతే దాని వీపు మోగేది. ఈసారి కొట్టలేకపోయాను. తండ్రి పోయాక పిల్ల సరిగ్గా తిన్నదీ లేదు, మాట్లాడిందీ లేదు. బడి కూడా మానేసి ఆ మూలనే కూర్చుంటే నేనేం చెయ్యాలి? నాకు నిజంగా భయమేసింది.

వదినే ఉపాయం చెప్పింది. "గిట్ల చేద్దాం బిడ్డా. పుస్తకాలు మేడ మీది పిల్లకిద్దాం. అట్టలు ఇప్పి నీ కొత్త పుస్తకాలకు ఏస్కో."

బిడ్డ ఒప్పుకుంది. ఒక్కో మడతనూ గోటితో లేపుతూ, చిరగకుండా విప్పింది. లోపలివైపు కార్గో గుర్తులు బయటపడ్డాయి. గొడుగు బొమ్మ, గాజు గ్లాసు బొమ్మ, పైకి చూపే బాణాలు. ఎవరికీ కనపడకుండా లోపలికి తిప్పి మడిచాడు మహానుభావుడు.

"అత్తా, నా సైన్స్ బుక్కు వానల తడవద్దంట!" అని పకపకా నవ్వింది. ఎన్నాళ్లకు విన్నానో ఆ నవ్వు! మేమిద్దరమూ నవ్వాం, కళ్లు తుడుచుకుంటూనే.

తర్వాత కొత్త సైన్స్ పుస్తకం తెచ్చి పాత అట్ట మీద పెట్టింది. పుస్తకం రెండు వేళ్లు పొడుగొచ్చింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. లెక్కల పుస్తకం పెట్టి చూసింది. అదీ అంతే. ఈ ఏడాది పుస్తకాల సైజే మార్చారు.

"ఈళ్ల చేతులు పడిపోను! పుస్తకాలు గూడ సాగదియ్యాల్నా?" అని వదిన తిట్టిపోసింది.

బిడ్డ ఏడవలేదు. అట్టలను పాత మడతల మీదే మడిచి బ్యాగు అడుగున పెట్టుకుంది. మర్నాడు బడి ఎగ్గొడుతుందనే అనుకున్నాను. తనే లేచి, జడలు వెయ్యమని వచ్చి నా ముందు కూర్చుంది. అట్టల్లేని పుస్తకాలతోనే ఆటో ఎక్కింది. అమ్మయ్య అనుకుని ప్లాస్టిక్ కవర్లు కూడా మేడమీద పాపకే ఇచ్చేశాను.

వారం గడిచాక ఓ సాయంత్రం కొత్త క్లాస్ టీచర్ ఫోన్ చేసింది. పైనుంచి పోతున్న విమానం మోతలో సగమే వినపడింది. మళ్లీ చెప్పమన్నాను.

"మీ పాప పుస్తకాలకి ఇంకా అట్టలు వెయ్యలేదండీ. అడిగితే, డాడీ డ్యూటీకెళ్లారు, వచ్చాక వేస్తారు అంటోంది. ఆయనెప్పుడొస్తారండీ?"

మాటకు మాట అప్పజెప్పే మనిషిని నేను. ఆయన లేడని చెప్పాలి కదా. కానీ ఆ ఒక్క క్లాసులో ఆయన ఇంకా బతికే ఉన్నాడు. నా నోటితో చంపడం నా వల్ల కాలేదు.

"డ్యూటీలెక్కువున్నయి మేడం. ఆదివారం ఏస్తడు" అన్నాను.

ఫోన్ పెట్టి తిరిగేసరికి బిడ్డ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. దగ్గరికొచ్చి, నా కొంగు పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఏ ఆదివారమమ్మా?"

"వచ్చే ఆదివారమే" అన్నాను. ఎవరు వేస్తారని అది అడగలేదు. నేనూ చెప్పలేదు.