సుగుణ ఎంచుకున్న పడవ

సుగుణది సఖినేటిపల్లి. గోదావరికి ఒక ఒడ్డున ఇల్లు, అవతలి ఒడ్డున నరసాపురంలో కాలేజీ. డిగ్రీ చదివినన్నాళ్ళూ పొద్దున్నే పంటు ఎక్కి నది దాటడం, సాయంత్రం మళ్ళీ పంటు మీదే ఇల్లు చేరడం. మోటారు సైకిళ్ళు, చేపల బుట్టలు, ఒక్కోసారి లారీలు కూడా ఎక్కే ఆ పంటు మీద అంచున నిలబడి పరీక్షలకు చదువుకునేది. నీళ్ళంటే భయం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.

తరువాత మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ, విజయేంద్రతో పెళ్ళి, ఐర్లండు. డబ్లిన్‌కు పడమట బ్లాంచర్డ్స్‌టౌన్ దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. కూతురు లోహిత అక్కడే పుట్టి, అక్కడే బడిలో చేరింది. ఒకరోజు విజయేంద్ర భోజనం చేస్తూ, "స్లైగోలో వైద్య పరికరాల ప్లాంటులో మేనేజరు పోస్టు వచ్చింది. నువ్వేమంటావ్?" అని అడిగాడు.

సుగుణ ఆలోచించుకుని చెప్తానంది. నిజంగానే ఆలోచించింది. చివరికి వెళ్ళొద్దని చెప్పబోయే వేళకి, అతను అక్కడ ఇంటి లీజు మీద సంతకం కూడా చేసేశాడని తెలిసింది.

"నువ్వు కాదనవని తెలుసుగా," అన్నాడు భుజం మీద చెయ్యి వేసి. మాటలో కోపం లేదు, అధికారం లేదు. దెబ్బలాడటానికి కూడా ఆమెకు దారి దొరకలేదు.

డబ్లిన్‌కు మూడు గంటల దూరంలో, పడమటి తీరాన ఉన్న స్లైగోలో ఆమె చదువుకు తగ్గ పని దొరకలేదు. ఒక పెద్ద దుకాణంలో బిల్లులు కొట్టే టిల్ దగ్గర కూర్చుంది. కొన్నాళ్ళే అనుకుంది, అదే ఉద్యోగమైపోయింది.

ఊరి పక్కన లాఖ్ గిల్ అనే సరస్సు ఉంది. వెళ్ళిన మొదటి వేసవిలో అక్కడ ఒక కుటుంబం కారు వెనక ట్రైలర్ మీద పడవ తెచ్చి, ఏటవాలు రేవులోంచి నీళ్ళలోకి దించడం చూసింది. మోటారు పడవే, కానీ లోపల చిన్న గది ఉంది. పడకలు, పొయ్యి, కిటికీకి తెరలు. కాసేపటికి ఆ పడవ సరస్సు మధ్యలో ఆగింది. కిటికీలోంచి ఒకావిడ టీ కలుపుతూ కనిపించింది.

"మనమూ అలాంటిది కొనుక్కుందామండీ," అంది సుగుణ.

విజయేంద్ర నవ్వాడు. "ఈ వానలోనా? పడవా?"

ఆ తరువాత కూడా అప్పుడప్పుడు అడుగుతూనే ఉంది. అతను నవ్వుతూనే ఉన్నాడు. ఏళ్ళు గడిచాక ఒక వేసవిలో పై అధికారి అతన్ని తన పడవలో షానన్ నది మీద తిప్పి తీసుకొచ్చాడు. ఆ రోజు ఇంట్లో అడుగుపెడుతూనే, "మనం పడవ కొంటున్నాం. నాకు భలే ఐడియా వచ్చింది," అన్నాడు విజయేంద్ర. ఐడియా ఎవరిదైతేనేం అనుకుంది సుగుణ. అప్పటికి నిజంగానే సంతోషించింది.

ఆ చలికాలమంతా ఆమె చేతిలో ఫోను పడవల ఫొటోలతోనే ఉండేది. ట్రైలర్ లాగడానికి కావలసిన లైసెన్స్ విజయేంద్ర తీసుకున్నాడు. నది మీద నడిపే పద్ధతులు, లాకు గేట్లు దాటే తీరు సుగుణ నేర్చుకుంది. వసంతం వచ్చేసరికి వెతుకులాట షానన్ ఒడ్డునున్న క్యారిక్ ఊళ్ళో ఒక పడవల యార్డులో ఉన్న రెండు పడవల దగ్గరికి చేరింది.

రెండూ పాతవే, రెండూ తెల్లవే. పొడవు ఇంచుమించు సమానం. రెండింటిలోనూ నలుగురు పడుకోవచ్చు. ఒకదానికి పక్కన నీలం చార, ఇంకోదానికి ఆకుపచ్చ చార. యార్డు నడిపే డెక్లన్ నోరారా నవ్వే మనిషి. "అక్కచెల్లెళ్ళనుకోండి, రెండూ ఒకటే. ఏది తీసుకున్నా గ్రాండ్," అన్నాడు.

నీలం చార పడవ ఇంజను కొత్తది, వేగం ఎక్కువ. విజయేంద్ర డ్రైవరు సీట్లోంచి లేవలేదు. సుగుణ మాత్రం రెండింటి లోపలికీ దిగింది. పడకల మీద పడుకుని చూసింది. పొయ్యి ముందు నిలబడితే తల పైకప్పుకు తగులుతుందేమో చూసింది. ఆకుపచ్చ పడవలో నిటారుగా నిలబడగలిగింది. అందులో టాయిలెట్‌కు గడియ పడే తలుపుంది. నీలం పడవలో అది పడక కిందే ఉంది, అడ్డుగా ఒక తెర మాత్రమే.

"ఏమండీ, ఆకుపచ్చది తీసుకుందాం," అంది బయటికొచ్చి. "అమ్మాయికి పద్నాలుగేళ్ళు. తలుపు లేకపోతే ఎలా?"

"చూద్దాంలే. రెండూ ఒకటేగా."

"ఒకటే అయితే నేను చెప్పింది తీసుకోవచ్చుగా?"

"అలాగేలే, ఇంకోసారి వచ్చి ఫైనల్ చేద్దాం," అన్నాడు. ఇంటికెళ్ళాక లోహితను అడిగాడు. లోహిత కూడా తలుపున్నదే కావాలంది. సుగుణ అప్పుడే ఆకుపచ్చ పడవ కిటికీలకు తెరల గుడ్డ కొంది.

తరువాతి శనివారం ముగ్గురూ మళ్ళీ యార్డుకు వెళ్ళారు. నీలం చార పడవకు సేల్ అగ్రీడ్ అని అట్ట వేలాడుతోంది. ఎవరో కొనేసుకున్నారు. మొగుడి మనసు దాని మీదే ఉందని సుగుణకు తెలుసు. పాపం అనిపించి అతని చెయ్యి పట్టుకుంది.

"పోనీలెండి, బాధపడకండి. ఇంజను కావాలంటే తరువాత మార్పించుకుందాం. ఆకుపచ్చది ఉందిగా," అంది.

అతను అట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో డెక్లన్ ఆఫీసులోంచి వచ్చి సుగుణ చెయ్యి పట్టుకుని ఊపాడు. "కంగ్రాచ్యులేషన్స్! మీవారు మంగళవారమే ఖాయం చేశారు. మీకు సర్‌ప్రైజ్ అన్నారు."

సుగుణ రెండో చెయ్యి ఇంకా మొగుడి చేతిలోనే ఉంది. మెల్లగా తీసుకుంది.

"మంగళవారం నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాంగా," అంది. "రోజూ తెరల గుడ్డ గురించి మాట్లాడాను. ఒక్క మాట అనలేదేం?"

"నువ్వంత ఉత్సాహంగా ఉంటే ఎలా చెప్పను? అయినా ఒకసారి ఎక్కితే నీకే నచ్చుతుంది. రెండూ ఒకటేగా సుగుణా."

లోహిత కారులోకి వెళ్ళి తలుపేసుకుంది. సుగుణ డెక్లన్‌కు థాంక్స్ చెప్పింది. పరాయివాడి ముందు ఇంకేం చెప్పగలదు?

జూన్‌లో మొదటి ప్రయాణం. క్యారిక్‌లో పడవ దించి షానన్ మీద పైకి వెళ్ళి, రాత్రి ఒక జెట్టీ దగ్గర కట్టేసి, మర్నాడు తిరిగి రావాలని అనుకున్నారు. నది అందంగానే ఉంది. ఎండ కాసింది. సుగుణ లాకు గేటు దగ్గర తాడు పట్టిన తీరు చూసి పక్క పడవలో ముసలాయన మెచ్చుకున్నాడు. కాసేపు ఆమె యార్డు సంగతే మరిచిపోయింది.

సాయంత్రానికి లోహిత ముఖం మాడిపోయింది. తల్లి చెవిలో ఏదో చెప్పింది. ఆ నెల పీరియడ్స్ ముందే వచ్చాయి. తెర ఇవతల మూరెడు దూరంలో తండ్రి కూర్చుని ఫోన్లో ఫొటోలు పెడుతున్నాడు.

"ఏమండీ, కాసేపు బయటికెళ్ళండి," అంది సుగుణ.

"వాన మొదలైంది. తెర ఉందిగా, లాక్కోమను."

"డాడ్, ఇట్స్ అ కర్టెన్," అంది లోహిత.

విజయేంద్రకు ఒళ్ళు మండింది. "ఇంత చేసి తీసుకొస్తే మీ ఇద్దరికీ ఇదేనా కనిపించేది? కాస్త సర్దుకోవడం తెలియదా?" అని అరిచాడు. పక్క పడవ వాళ్ళు తలలు తిప్పి చూశారు. లోహిత ఏడుస్తూ జెట్టీ మీదికి దూకి, వానలోనే ఒడ్డునున్న పబ్లిక్ టాయిలెట్ వైపు పరిగెత్తింది.

మర్నాడు క్యారిక్ చేరగానే సుగుణ సంచీ సర్దింది. "మేమిద్దరం రైల్లో వెళ్తాం," అంది. అతను ఆపలేదు. స్లైగో రైల్లో లోహిత కిటికీ వైపు తిరిగి కూర్చుని అడిగింది. "నన్నెందుకు అడిగాడమ్మా, ఏది కావాలని?" ఇంగ్లిష్‌లోనే అడిగింది.

ఆ తరువాత ఆమె పడవ ఎక్కలేదు. లోహితా ఎక్కలేదు. విజయేంద్ర స్నేహితులతో వెళ్ళేవాడు. ఆ ఫొటోలు చూసి తెలిసినవాళ్ళు సుగుణతో, "మీకేమండీ, అదృష్టవంతులు," అనేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. ఇంట్లో మాత్రం ఒక మార్పు వచ్చింది. కారు మారుద్దామన్నా, సెలవులకు ఎక్కడికి వెళ్దామన్నా, చివరికి ఏం కూర వండనన్నా ఆమె నోట ఒక్కటే మాట. "మీ ఇష్టం."

ఈ వేసవిలో విజయేంద్ర ప్లాంటులోనే పనిచేసే కృష్ణప్రసాద్ తన ఇంటికి భోజనాలకు పిలిచాడు. నాలుగు తెలుగు కుటుంబాలు వచ్చాయి. పడవ మాట వచ్చినప్పుడు విజయేంద్ర అందరి ముందూ నవ్వుతూ అన్నాడు. "మా ఆవిడ కోసమే కొన్నానండీ. తనకే ఇంట్రెస్ట్ లేదు. దేనికైనా సరే అభిప్రాయం ఉండదు. ఏదడిగినా మీ ఇష్టం అంటుంది."

అందరూ నవ్వారు. పిల్లలతో కూర్చున్న లోహిత తలెత్తింది. "షీ డిడ్ టెల్ యూ, డాడ్," అంది. నవ్వులు ఆగిపోయాయి. కృష్ణప్రసాద్ భార్య గబగబా పెరుగు గిన్నె తెచ్చి అందరికీ వడ్డించడం మొదలుపెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో లోహిత వెనక సీట్లో నిద్రపోయింది. ఊరు దగ్గరపడుతుండగా విజయేంద్ర వేగం తగ్గించి, గొంతు తగ్గించి అడిగాడు.

"నేను నిజంగా అంత తప్పు చేశానా సుగుణా? చెప్పు. ఈసారి వింటాను."

అతను నిజంగానే అడుగుతున్నాడని ఆమెకు అర్థమైంది. బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి మొదలుపెట్టి చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుసు. కానీ చెప్పాలన్న కోరిక కోసం లోపల వెతుక్కుంటే దొరకలేదు.

"ఎదర సిగ్నల్ పడింది, చూసుకోండి," అంది.