స్పైక్ గార్డ్‌కు రాజమల్లు వేసిన ముడి

2021 ఎండాకాలం. సూరత్‌లోని ఉధ్నాలో, మరమగ్గాల షెడ్ల మధ్య ఇరుక్కున్న ఒక సందులో నా రిపేరు దుకాణం. దుకాణం అనగానే మరీ పెద్దగా ఊహించుకోకండి. లోపల నేను తుమ్మితే ఆ తుమ్ము ఎదుటి గోడకు తగిలి మళ్ళీ నాకే వచ్చేది. కరోనా రోజుల్లో అదొక ప్రజాసేవ. ఇక ఎండ సంగతి చెప్పాలంటే, సోల్డరింగ్ ఐరన్‌ను ప్లగ్గులో పెట్టకుండానే పని జరుగుతుందేమోనని రెండుసార్లు ప్రయత్నించి చూశాను.

మగ్గాలు సగం ఆగిపోయాయి. వాటి చప్పుడుకు అలవాటు పడ్డ వీధి, చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉండేది. నేను మాత్రం షట్టరు సగం దించి, కింది సందులోంచి టీవీలు, మిక్సీలు అందుకుంటూ బతికేవాణ్ణి. గిరాకీల మొహాలు మరిచిపోయాను, చెప్పులు గుర్తుపట్టేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం షట్టరు కింద నీలి రబ్బరు చెప్పులు కనిపించాయి. రాజమల్లు. కరీంనగర్ పక్కవాడు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడ మగ్గాల మీదే ఉన్నాడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అంటాడు, నేనూ అతణ్ణి బావా అంటాను. ఆ లెక్కన అతని భార్య భాగ్య నాకు చెల్లెలు.

"బావా, ఒక నల్ల టేపు ఇయ్యి."

"చెల్లెకు ఎట్లుంది?"

"దవాఖాన నుంచి ఇంటికి తెచ్చినం గద. మంచిగనే ఉంది. మిషిను పెట్టిండ్రు. టేపు ఇయ్యి."

"టేపు దేనికి?"

"నీ స్పైక్ గార్డ్‌కే. నిన్న బందైంది. నీకిస్తే రేపు రా, ఎల్లుండి రా అంటవ్. అందుకే నేనే రిపేరు చేసిన."

స్పైక్ గార్డ్ అంటే నాలుగైదు ప్లగ్గులు పట్టే పొడుగాటి బోర్డు. కరెంటు ఒక్కసారిగా ఎగిసిపడితే, దాన్నే మేము సర్జ్ అంటాం, ఆ దెబ్బ టీవీకో ఫోనుకో తగలకుండా చూస్తుంది. అంతకు ముందు ఏడాది, వాళ్ళ అమ్మాయికి ఫోనులో క్లాసులు మొదలైనప్పుడు రాజమల్లుకు దాన్ని అమ్మింది నేనే. ఊరికే అమ్మానా? బోర్డును పసిపిల్లాడిలా రెండు చేతుల్లో ఎత్తుకుని, "బావా, ఇది ఇంట్లో ఉన్నదంటే పిడుగు కూడా పర్మిషన్ అడిగి లోపలికి రావాలె" అని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. అటు పోతున్న అరటిపళ్ళ బండివాడు కూడా ఆగి విని, ఒకటి కొనుక్కుని పోయాడు.

"ఏం చేసినవ్ రిపేరు?" అన్నాను, చేతిలో ఉన్న మిక్సీ మూత తీస్తూనే.

"ఇప్పి చూస్తే లోపల గోలీ లెక్క ఒక నీలి బిళ్ళ. దానికి ఆనుకొని ఇంకొక చిన్న ముక్క. టెస్టర్ పెడితే ముక్కకు ఇటు కరెంటు ఉంది, అటు లేదు. ముక్కను పీకేసి రెండు కొసలకు తీగ ముడేసిన. నేత ముడి! గుంజినా రాదు. ఫస్ట్ క్లాస్ నడుస్తుంది."

ఇక్కడ మా వీధి అలవాటు ఒకటి చెప్పాలి. పోగు తెగితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు మగ్గానికి ఉంటుంది. ఒకే మనిషి పది మగ్గాలు చూసుకుంటున్నప్పుడు, మాటిమాటికీ ఆగే మగ్గం అతనికి శత్రువు. అందుకని ఆ ఆపే మీటకు ఒక దారం కట్టి, కదలకుండా చేసేస్తారు. పోగు తెగినా మగ్గం నడుస్తూనే ఉంటుంది. రాజమల్లు అందులో ఉద్దండుడు. అతను దారం కట్టిన మగ్గాన్ని భూకంపం కూడా ఆపలేదు.

"గరం అయితుందా?" అన్నాను.

"జర గరం. చెయ్యి పెట్టొచ్చు."

"వాసన గిట్ల?"

"పొద్దుగాల సంది కొంచెం కమురు వాసన. మీ చెల్లె దగ్గుతుందని అగర్‌బత్తి ముట్టించిన."

మిక్సీ మూత నా చేతిలోనే ఆగింది. "బావా, ఆ బోర్డు మీద ఏమేం నడుస్తున్నయ్?"

"కూలరు, చార్జరు, మీ చెల్లె ఆక్సిజన్ మిషిను. మిషినుకే గద బోర్డు కావాలె. వోల్టేజి ఎక్కువ తక్కువైతే పాడైతదని, పిల్లదాని దగ్గర గుంజుకొని దానికి పెట్టిన. నువ్వే అన్నవ్ గద, పిడుగు కూడా పర్మిషన్ అడగాలె అని."

నా మాటను నాకంటే జాగ్రత్తగా దాచుకున్న మనిషి అతనొక్కడే.

టేపు ఇవ్వలేదు. రెండు మాస్కులు, వాటి మీద స్కూటరు హెల్మెట్, హెల్మెట్ అద్దం కిందికి. చంద్రమండలానికి బయల్దేరిన వాడిలా అతని వెంట నడిచాను. దారిలో రెండు కుక్కలు నాకు దారి ఇచ్చాయి.

ఇల్లు ఒకటే గది. భాగ్య మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ముక్కుకు సన్నటి గొట్టం, వేలికి ఆక్సిమీటర్, అందులో తొంభై మూడు. పక్కన కాన్సంట్రేటర్, అంటే గదిలోని గాలి నుంచే ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రం, బుస్సుమంటోంది. స్పైక్ గార్డ్ మంచం కింద ఉంది. దాని మీదికి దుప్పటి అంచు వేలాడుతోంది. కిటికీలో అగర్‌బత్తి వెలుగుతోంది.

ఇప్పటిదాకా ప్రతిదాన్నీ పెంచి చెప్పాను. ఇక్కడ పెంచేది ఏమీ లేదు. ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ మండేదాన్ని రెచ్చగొడుతుంది. గంటల తరబడి ఆ గొట్టం పక్కన ఉన్న దుప్పటి, దిండు, జుట్టు, చీర అన్నీ ఆక్సిజన్‌ను పట్టుకుని ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు.

ముందు అగర్‌బత్తిని తీసి నీళ్ళ చెంబులో ముంచాను.

"ఏందన్నా, దేవుని కాడి బత్తి ఆర్పుతున్నవ్?" అంది భాగ్య, రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటూ.

"దేవుడు ఏమనుకోడు చెల్లే. ఇది మిషిను కాడ వద్దు. బావా, తలుపు, కిటికీ బార్లా తెరువు."

గోడ సాకెట్ తలుపు పక్కన ఉంది. మిషిను తీగ అక్కడిదాకా అందదు, అందుకే మధ్యలో బోర్డు వచ్చింది. మిషినును జరిపితే గొట్టం చాలదు. కాబట్టి మంచాన్నే జరపాలి. ఇద్దరం చెరొక కొస పట్టుకుని, భాగ్యతో సహా మంచాన్ని తలుపు వైపు లాగాం. మిషినును కూడా కొంచెం కొంచెంగా జరిపాం.

"పెండ్లైన సంది నన్ను ఎక్కడికీ తీస్కపోలేదన్నా ఈయన. ఇయ్యాల మంచం మీద షికారు తిప్పుతుండు" అంది. రాజమల్లు నవ్వాడు. నా హెల్మెట్ అద్దం మీద ఆవిరి పట్టి నాకు ఎవరూ కనిపించలేదు.

ఇక చేయాల్సింది ఒక్కటే. గోడ స్విచ్చి ఆపి, బోర్డు ప్లగ్గు పీకి, మిషిను ప్లగ్గు పెట్టాలి. స్విచ్చి ఆపగానే బుస్సుమనే శబ్దం ఆగిపోయింది. మిషిను కుయ్యోమని కూసింది. రాజమల్లు కళ్ళు ఆక్సిమీటర్ మీదే. "తొంభై రెండు... తొంభై ఒకటి... బావా, జల్ది!" ప్లగ్గు ఒకసారి తప్పింది. రెండోసారి కూర్చుంది. బుస్సుమని మిషిను మళ్ళీ మొదలైంది. అంకె తొంభై దాకా దిగి, అక్కడే తచ్చాడి, కొన్ని నిమిషాలకు మళ్ళీ తొంభై మూడుకు ఎక్కింది.

తర్వాత గుమ్మం బయట కూర్చుని బోర్డు విప్పాను. నీలి బిళ్ళ ఇప్పుడు నీలంగా లేదు. ఒక పక్క బొగ్గు. దాని కింద ప్లాస్టిక్ మెత్తబడి, వేలితో నొక్కిన బెల్లంలా లోపలికి వంగింది. రాజమల్లు వేసిన ముడి మాత్రం చెక్కుచెదరలేదు.

"గీ బిళ్ళేంది బావా?" అన్నాడు మెల్లగా.

"వారిస్టర్. కరెంటు ఎగిసినప్పుడల్లా ఆ దెబ్బ తాను తింటది. తిన్నకొద్దీ అరుగుతది. పూర్తిగా అరిగినంక మామూలు కరెంటుకే కాలుడు మొదలుపెడ్తది. కాపాడేటిదే అంటుకుంటది."

"మరి ఆ చిన్న ముక్క?"

"థర్మల్ ఫ్యూజ్. బిళ్ళ వేడెక్కంగనే తెగి, మొత్తం బందు చేస్తది. నిన్న అది సరిగ్గా దాని పని అది చేసింది. నువ్వు దాన్ని పీకేసినవ్."

రాజమల్లు ఆ ముడిని వేలితో తడిమాడు. "పోగు తెగింది, మగ్గం ఆగింది. నేను దారం కట్టిన" అన్నాడు.

అతణ్ణి ఏమని తిట్టను? మగ్గం మీద ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదే అతను ఇంట్లోనూ చేశాడు. పైగా ఆ బోర్డు ఎప్పటికీ ఆగకూడని వస్తువని అతని తలకెక్కించింది ఎవరు? ఒక రోజు అది అరిగిపోతుందని, ఆగుతుందని, ఆగడమే దాని మంచితనమని నా పావుగంట ఉపన్యాసంలో ఒక్క ముక్క లేదు. పిడుగు మాత్రం ఉంది.

భాగ్య కోలుకుంది. మిషిను ఇంకో ఇంటికి పోయింది. వానలు మొదలయ్యాక షట్టరు పూర్తిగా ఎత్తిన ఒక రోజు, నీలి చెప్పులతో పాటు రాజమల్లు మొహం కూడా కనిపించింది. అమ్మాయి ఫోనుకు కొత్త స్పైక్ గార్డ్ కావాలన్నాడు. తీసి బల్ల మీద పెట్టాను.

"వేడెక్కినా, వాసనొచ్చినా, ఆగిపోయినా పారెయ్యి. ఇప్పకు. మంచం కింద పెట్టకు."

"గంతేనా?"

"గంతే."

అతను బోర్డును తిప్పి చూశాడు, నన్ను చూశాడు. "ఏంది బావా, గింత తక్కువ చెప్తున్నవ్? మాల్ మంచిది కాదా?"

"మంచిదే" అన్నాను.

"మరి మగ్గానికి కట్టిన దారం తీసేసినవా?" అని నేనూ అడిగాను.

"అది వేరే ముచ్చట. సేఠ్ ఊకుంటడా?" అని నవ్వి, బోర్డును సంచిలో పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఇది ఆగితే మాత్రం ఆగనిస్త."

నా దుకాణంలో ఇప్పటికీ మిక్సీ రాకెట్ అంత వేగంగా తిరుగుతుంది, ఇస్త్రీపెట్టె ముడతలతో పాటు ముసలితనాన్ని కూడా పోగొడుతుంది. స్పైక్ గార్డ్ అడిగినవాళ్ళకు మాత్రం ఆ మూడు మాటలే చెబుతాను.