చెరువు వైపు కిటికీ

లింగంపల్లి వెళ్లే ఎంఎంటీఎస్ రైల్లో పక్క సీటాయన ఫోన్‌లో తన ఫోటోలు చూపిస్తున్నాడు. అపార్ట్‌మెంట్ల ప్రకటనలకు తీస్తాడట. ఒకచోట అతని చెయ్యి ఆపాను. నిండు చెరువు, అంచున తెల్లకొంగ.

“దీనికోసం రోజూ తెల్లారంగనే పోయి కూసున్న సార్. ఒకనాడు పెద్దవానకు గుర్రపుడెక్కంతా కొట్టుకపోయింది, కొంగొచ్చి వాలింది. లక్కు! మధ్యాహ్నానికి మల్ల ఎప్పటిలెక్కనే.”

ఆ ఫోటో చూసే నల్లగండ్లలో ఫ్లాటు కొన్నామని చెప్పాను. మురుగు వాసనకు చెరువు వైపు కిటికీ తెరవలేకపోతున్నామనీ చెప్పాను.

అతను ఏమాత్రం తడబడలేదు.

“జర ఓపిక పట్టుండ్రి సార్. నాకు దొరకలేదా?” అని భుజం తట్టి దిగిపోయాడు.

ఇప్పటికీ పెద్దవాన వెలిసిన పొద్దున ఆ కిటికీ తెరుస్తాను. వంటింట్లోంచి నా భార్య “మూసెయ్యండి” అని అరుస్తుంది.