టికెట్టు కొని చూసిన ఊరు

నేపాల్‌లోని భక్తపూర్‌లో తిరగాలంటే బయటి దేశం వాళ్ళు టికెట్టు కొనాలి. గుడికో మ్యూజియానికో కాదు, మొత్తం ఊరికి. ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరంలో స్టడీ టూరుకి వెళ్ళినప్పుడు, ఊరి మొదట్లో ఉన్న కౌంటరు దగ్గర మా సారు అందరికీ టికెట్లు పంచి, "ఈ ఊరంతా ఒక మ్యూజియం అనుకోండి. కళ్ళు తెరుచుకుని తిరగండి" అన్నారు. తిరుపతిలో రైలెక్కి, గోరఖ్‌పూర్‌లో దిగి, బస్సులు మారి అక్కడికి చేరేసరికి మా ఒళ్ళు హూనమైపోయింది. అయినా ఎవరికీ అలసట తెలియలేదు. మాలో ఒక్కరమూ అంతకు ముందు దేశం దాటి ఎరగం.

మొదటి గంట నోరు వెళ్ళబెట్టుకునే తిరిగాం. వరసగా ఇటుక ఇళ్ళు, ఒక్కో కిటికీ చెక్కడానికి ఎన్నేళ్ళు పట్టిందో తెలియనంత పనితనం, ఆ కిటికీలోంచే వేలాడుతున్న బడిపిల్లల యూనిఫాంలు. మేం పరీక్షకు బొమ్మ వేసి భాగాలు గుర్తించిన రాతి అరుగు మీద ఒకామె వడ్లు ఆరబోసుకుని, తొక్కుతారేమోనని మమ్మల్ని చేత్తో అదిలించింది. భూకంపంలో బీటలిచ్చిన గోడలకు దూలాలు ఏటవాలుగా ఆనించి నిలబెట్టారు. జనం ఆ దూలాల కింద తల వంచుకుని దూరి, తమ పనులకు పోతున్నారు.

"ఇట్లాంటి గోడ మనూర్లో అయితే తెల్లారేసరికి జేసీబీ వచ్చేసుండు. ఈడ సూడు, కాపరం ఉండారు" అన్నాడు మా గ్రూపులోని చిత్తూరబ్బాయి. వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడతారు. అందుకని హిందీ వ్యవహారమంతా వాడికే అప్పగించాం. గ్రూపులో రెండో మనిషి కాణిపాకం పక్క పల్లె అమ్మాయి. మూడో మనిషిని నేను. మాది తిరుచానూరు.

సాయంత్రానికి ఒక్కో గ్రూపు ఒక్కో పాత ఇంటి కొలతలు తీసుకురావాలి. మధ్యలో ముంగిలి ఉండి, చుట్టూ గదులున్న ఇల్లు కావాలన్నారు సారు. చాలాసేపు వెతికాక, ఒక సందు చివర తలుపు తెరిచున్న ఇల్లు దొరికింది. లోపల ఇటుకలు పరిచిన చిన్న ముంగిలి. మెట్టు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కొలుచుకోవచ్చా?" అని మావాడు హిందీలో అడిగాడు. ఆయన తలెత్తి చూసి, తల ఊపాడు.

"ఒప్పుకున్నాడు, రాండి" అన్నాడు మావాడు.

ముంగిలికి అడ్డంగా టేపు పరిచాం. కాణిపాకం అమ్మాయి ఇటు నుంచి అరిచి చెబుతుంటే నేను అటు నుంచి రాసుకున్నాను. "పదకొండు అడుగులా నాలుగు అంగుళాలు!" ద్వారబంధం మరీ కురచగా ఉండి మావాడి నెత్తికి కొట్టుకుంటే ముగ్గురం నవ్వాం. ఫోటోలు తీశాం. ఆయన మెట్టు మీదే ఉన్నాడు.

లోపలి గది పొడవు మిగిలింది. దానికి టేపు అక్కర్లేదు. సారు జాగ్రత్తలు చెప్పి ఇచ్చిన లేజర్ మీటరు నా దగ్గరుంది. మీట నొక్కితే ఎదుటి గోడ మీద ఎర్ర చుక్క పడి, దూరం ఎంతో తెర మీద చూపిస్తుంది. వంగి లోపలికి దూరాను. ఎండలోంచి వచ్చానేమో, ఏమీ కనిపించలేదు. మీటరును నడుం ఎత్తులో కొంచెం కిందికి వంచి పట్టుకుని నొక్కాను. అది బీప్‌మంది. చూస్తే అయిదడుగులు కూడా రాలేదు. ఏదో అడ్డం ఉందనుకుని చుక్క ఎక్కడ పడిందా అని వెతికాను.

అది ఒక పాదం మీద పడింది.

అరికాలు నా వైపు తిరిగి ఉంది. దాని పక్కనే ఇంకో పాదం. తర్వాత మెల్లగా మిగతాది కనిపించింది. నేల మీద చాప, చాప మీద ఒక ముసలామె, తల దగ్గర దీపం. గోడకు ఆనుకుని ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన మొహాలు. వాళ్ళలో చిన్నామె నన్ను చూడటం లేదు, ఆ ఎర్ర చుక్కను చూస్తోంది. ఆపాలని నొక్కితే అది మళ్ళీ బీప్‌మంది. ఆపే మీట ఏదో నాకు గుర్తు రాలేదు. మీటరును కొంగులో దాచినట్టు చున్నీలో చుట్టేశాను.

"ఎంతొచ్చింది మే?" అని బయటి నుంచి కాణిపాకం అమ్మాయి కేక వేసింది.

బయటికి వచ్చి పడ్డాను. అప్పుడే సందులోంచి నలుగురు మగవాళ్ళు పచ్చి వెదురు బొంగులు మోసుకుంటూ ముంగిట్లోకి వచ్చారు. ఆ బొంగులు చూశాక మావాళ్ళిద్దరికీ నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ మగవాళ్ళు నేల మీద పరిచి ఉన్న మా టేపును చూసి ఆగారు. తర్వాత ఒక్కొక్కరే, దాన్ని తొక్కకుండా దాటుకుని నడిచారు.

లోపలున్న చిన్నామె నా వెనకే వచ్చింది. ఎవరు మీరని హిందీలోనే అడిగింది. చదువుకునేవాళ్ళమని, ఇల్లు కొలుస్తున్నామని, ఆయన్ని అడిగే లోపలికి వచ్చామని మావాడు చెప్పుకున్నాడు.

"ఆయన తల్లి పోయింది. పొద్దుటి నుంచి ఎవరేమడిగినా తలే ఊపుతున్నాడు" అంది ఆమె. తర్వాత చెయ్యి చాపి, "టికెట్టుందా?" అంది.

నా తెలివి ఏమైపోయిందో! జేబులోంచి టికెట్టు తీసి చూపించాను. ఆమె దాన్ని తీసుకుని ఇటూ అటూ తిప్పింది.

"ఇందులో మా ఇల్లు ఎక్కడ రాసుంది?"

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె గొంతు కూడా పెంచలేదు. టికెట్టు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. టేపు మీట వదిలితే సర్రుమని చుట్టుకుంటుంది. ఆ చప్పుడు చేయడానికి ధైర్యం చాలక, కాణిపాకం అమ్మాయి దాన్ని వేళ్ళతో పట్టుకుని, కొంచెం కొంచెంగా లోపలికి తోసింది. అది పూర్తయ్యే దాకా మేం అక్కడ నిలబడాల్సి వచ్చింది.

వీధిలోకి వచ్చి ఎవరిదో అరుగు మీద కూలబడ్డాం. "మైల కదమే, తలకు పోసుకోవాల" అని ఆ అమ్మాయి అదే మాట పదే పదే అంటోంది. మావాడు ఫోనులో ఫోటోలు తుడిచేస్తూ మధ్యలో ఆగాడు.

"ప్రతి దాంట్లో ఆయన ఉండాడు మే. ఇన్ని తీసినానే, ఒక్కసారన్నా మొగం సూల్లేదు నేను."

సారుకు చెప్పాం. ఆయన మొహం మాడిపోయింది. మమ్మల్ని కోప్పడతారనుకుంటే, "మ్యూజియం అన్నది నేనే కదా" అన్నారు. మర్నాడు ప్రతి గ్రూపుతోనూ తానే వెళ్ళి, గడప బయటే నిలబడి, ఇంటివాళ్ళు రమ్మన్నాకే లోపలికి పంపారు. మేం ముగ్గురం మాత్రం ఇళ్ళ జోలికి పోలేదు. వీధిలో ఉన్న ఒక సత్రం మండపాన్ని కొలిచి ఇచ్చాం. మార్కులు తక్కువ వచ్చాయి.

ఇంటికి వచ్చాక వారం దాకా ఇది ఎవరికీ చెప్పలేదు. మాకు తిరుచానూరులో అమ్మవారి గుడికి దగ్గరగా ఆరు గదుల లాడ్జీ ఉంది. కింద మా కాపురం, పైన గదులు. చెప్పులు వేసుకుని వంటింటి దాకా వచ్చి బాత్రూం ఎక్కడని అడిగే యాత్రికుల మీద కేకలేస్తూ పెరిగినదాన్ని నేను. ఒక మధ్యాహ్నం దుప్పట్లు మడతపెడుతూ నాయనకు జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన దుప్పటి కొస పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

"మీ అవ్వ పోయినపుడు గూడా ఇట్లనే ఒకరు వచ్చినారమ్మా" అన్నాడు.

నేను పుట్టక ముందు సంగతి. ఎప్పుడూ చెప్పలేదు.

"అప్పుడే ప్రాణం పోయింది. మీ అమ్మ ఇంగా ఏడవను గూడా లేదు. యాడో శ్రీకాకుళం నుంచి అంట, పిల్లోడికి గుండు కొట్టించుకోని నేరుగా నడవలోకి వచ్చినారు. స్నానానికి వేన్నీళ్ళు కావాలన్నారు."

"పొమ్మని చెప్పలేదా నాయనా?"

"సావు జరిగిందని సెప్తే గుడికి పోలేరు కదా. అంత దూరం నుంచి వచ్చినారు. నీళ్ళు కాంచి ఇచ్చినా."

"అవ్వ లోపలుండగానా?"

"లోపలే ఉండాది. గది వాకిలి దగ్గరికేసినా." చేతిలోని దుప్పటి మడిచి పక్కన పెట్టాడు. "పోతా పోతా, ఇల్లు శానా బాగుండాది, పాతకాలం ఇల్లు, లోపల సల్లగుండాది అని మెచ్చుకోని పోయినారు."

ఇన్నేళ్ళు ఆ నడవలోనే ఆడుకున్నాను, చదువుకున్నాను.

"కోపం రాలేదా?" అని అడిగాను.

"అప్పుడేం అర్థం కాలా. రెండు దినాలకు వచ్చింది సూడు కోపం, ఒళ్ళంతా మంట. అప్పటికి వాళ్ళు యాడ ఉండారో ఏమో" అని, మడత పెట్టిన దుప్పట్లు తీసుకుని పైకి వెళ్ళిపోయాడు.

నేను అక్కడే కూర్చుని రోజులు లెక్కపెట్టుకున్నాను. ఆ మెట్టు మీద కూర్చున్నాయనకు కూడా రెండు రోజుల తర్వాతే కోపం వచ్చి ఉంటే, ఆ సమయానికి మేం తిరుగు రైల్లో ఉన్నాం. ఆ రైల్లోనే, మావాడు ద్వారబంధానికి తల కొట్టుకున్న సంగతి ఎవరో ఎత్తితే, ముగ్గురం మళ్ళీ నవ్వాం.