నల్ల కుండీల సున్నాలు

మా అక్క మొగుడు పద్దెనిమిదేళ్లు మొక్కల వేళ్లలో బూజు లెక్కపెట్టి బతికాడు. నవ్వకండి, అదేం చిన్న పని కాదు. మట్టిలో ఒక రకం బూజు ఉంటుంది. అది వేరులోకి దూరి, తన దారాలతో దూరం నుంచి భాస్వరం తెచ్చి మొక్కకు పెడుతుంది. బదులుగా మొక్క చేసిన చక్కెర తింటుంది. అయితే తలుపు తీయాల్సింది మొక్కే. అందుకు దానిలో కొన్ని జన్యువులు ఒకదాని వెనక ఒకటి మేలుకోవాలి. ఒక్కటి చెడినా బూజు వేరు మీద పడిగాపులు కాస్తుందే తప్ప లోపలికి రాలేదు. తలుపు తట్టినా వినవని అలాంటి వాటిని ల్యాబ్‌లో మేం చెవిటి మొక్కలు అనేవాళ్లం.

బావ వేళ్లను క్షారంలో ఉడికించి, కడిగి, సిరా కలిపిన వెనిగర్‌లో నానబెట్టేవాడు. బూజు ఉన్నచోట నీలం పట్టేది. గళ్లు గీసిన గాజు పళ్లెంలో పరిచి, వేరు గీతను దాటిన ప్రతిచోటా నీలం ఉందో లేదో మైక్రోస్కోప్‌లో చూసి రాసేవాడు. పళ్లేనికి మూడు వందల చోట్లు. “ఒక్క తెల్లచొక్కా మిగల్చలేదు మహానుభావుడు” అని అక్క దెప్పేది కానీ, ల్యాబ్‌లో ఆయన లెక్కకు తిరుగులేదు.

లెక్కపెట్టేవాడికి ఏది ఏ మొక్కో తెలియకూడదని అక్కడి నియమం. కుండీకి నంబరే ఉంటుంది, పేరుండదు. మొక్కలు పెంచే షెడ్డు నాది. కలిసిపోతే వెతుక్కోలేక, నా బద్ధకం కొద్దీ, చెవిటివాటిని నల్ల కుండీల్లో పెట్టేవాణ్ణి. కుండీలోంచి వేళ్లు తీసేది బావే.

ఒకరోజు భోజనాల దగ్గర నోరు జారాను.

“నల్ల కుండీల దగ్గర కళ్లు పొడుచుకోకు బావా. అవన్నీ చెవిటివే.”

“అలా చెప్పకూడదురా” అని కసిరాడు.

కసిరాడే గానీ వినేశాడు. తర్వాత ఆయన కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆ కుర్చీలోంచి లేపేస్తారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. నల్ల కుండీ వస్తే చూడకుండానే సున్నా వేసి, ఉన్న చూపు మిగతావాటికి దాచుకునేవాడు.

ల్యాబ్‌లో పరిశోధన చేసే అమ్మాయి ఒకతె బావను బాబాయ్ అనేది. చెవిటి మొక్కల్లో చెడిన జన్యువుకు బదులు మంచిది పెట్టింది. మూడేళ్ల పని అది. బూజు లోపలికి వస్తే ఆ తలుపు తీసేది ఆ జన్యువేనని తేలుతుంది. చెవిటి మొక్కల పిల్లలే కదా అని నేను ఆమె ముప్పై మొక్కలకూ నల్ల కుండీలే వాడాను. బావ ముప్పై సున్నాలు వేశాడు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి సంచి సర్దుకుని చెప్పిపోవడానికి వచ్చింది.

“పోన్లెండి బాబాయ్. ఇంకొకరైతే నా మొహం చూసి నాలుగు నీలాలు కలిపేవాళ్లు. మీరు ఉన్నదున్నట్టు రాశారు. అందుకే నమ్మి మానేస్తున్నాను.”

బావకు తల కొట్టేసినట్టయింది. ఆమె అటు వెళ్లగానే నా షెడ్డుకు వచ్చాడు.

“ఆ ముప్పైలో ఆ పిల్ల మార్చినవెన్నిరా?”

“ఇరవై. మిగతా పది పోల్చి చూడ్డానికి పెట్టిన చెవిటివి.”

స్పిరిట్ సీసాల్లో మిగిలిన వేళ్లు తీసి సిరా పట్టించాడు. తన కళ్లకు ఆనక నన్ను చూడమన్నాడు. నాలాంటివాడికి కూడా తెలిసిపోయింది. వేరు పొడవునా నీలమే.

“ఉందా?”

“ఉంది బావా.”

“ఎంత?”

“నిండా.”

స్టూలు మీద కూలబడి ఏడ్చాడు. నాకు ఒళ్లు మండింది. “కనబడకపోతే చెప్పొద్దూ!” అని అరిచాను. ఆ వెంటనే నేనే, “సీసాలు పారబోద్దాం, ఎవరికి తెలుస్తుంది?” అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. బావ నావైపు ఒకసారి చూసి, ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె వచ్చి చాలాసేపు మైక్రోస్కోప్‌లో చూసింది. ఏడవలేదు, అరవలేదు.

“ఎన్నాళ్లనుంచి చూడకుండా రాస్తున్నారు?”

“రెండేళ్లమ్మా.”

“ఏది చెవిటిదో మీకెవరు చెప్పారు?”

నేను పక్కనే పళ్లేలు పట్టుకుని నిలబడి ఉన్నాను. బావ నావైపు కన్నెత్తి కూడా చూడలేదు.

“ఎవరూ చెప్పలేదమ్మా. నేనే కనిపెట్టాను.”

నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఆ అమ్మాయి మూడేళ్ల పని గట్టెక్కింది. ఆ రెండేళ్లలో మిగతావాళ్లు చేసిన పనంతా మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. బావను ఆ వారమే ఇంటికి పంపేశారు. షెడ్డు ఇప్పటికీ నా చేతిలోనే ఉంది.

అక్క ఇప్పటికీ ఆయన్నే తిడుతుంది. వెళ్లినప్పుడల్లా నాకు కాఫీ ఇచ్చి, “పక్కనే ఉన్నావు, నువ్వైనా ఆయనకి నాలుగు మంచి మాటలు చెప్పాల్సిందిరా” అంటుంది. బావ గోడవైపు తిరిగి కూర్చుంటాడు. నేను కాఫీ తాగి వచ్చేస్తాను.