పచ్చ చీరల తిరునాళ్ల

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మా మామ ఎమ్మిగనూరులో ఒక మగ్గాల షెడ్డు మీద పెట్టుబడి పెట్టాడు. ఆ ఏడు ఓడలు ఆగిపోయి, విదేశాల నుంచి నూలుకు వేసే ఎరుపు రంగు రాలేదు. ఉన్న పచ్చ రంగుతోనే చీరలన్నీ నేశారు.

"అన్నీ పచ్చవేనా! ఎవరు కొంటారప్పా?" అని మామ తల పట్టుకున్నాడు. చివరికి చౌకగా అమ్మేశారు.

శ్రావణంలో అత్తనూ నన్నూ ఉరుకుంద తిరునాళ్లకు తీసుకెళ్లాడు. అత్త కట్టిందీ పచ్చ చీరే. జనంలో అత్తే అనుకుని మామ ఎవరో ఆడమనిషికి బొరుగుల సంచి అందించి, "జల్దీ రా, బస్సు పోతాంది" అని కసిరాడు.

ఆమె తిరిగి చూసింది. "నేను నీ పెండ్లాన్ని కాదన్నా!"

వెనకాల అత్త పగలబడి నవ్వింది. మామ చుట్టూ చూశాడు. ఎటు చూసినా తన షెడ్డు చీరలే. సిగ్గుపడటం మరిచిపోయి, "ఉతికితే రంగు పోతాందామ్మా?" అని ఆశగా అడిగాడు.

"పోలేదు. నీ సంచి తీసుకోన్నా" అందామె.