అయ్యగారు మెచ్చిన హోటల్ పాట

ఆ రోజుల్లో పాట మన దగ్గరికి వచ్చేది కాదు, పాట ఉన్న చోటికి మనమే నడిచి వెళ్లాలి. నాకు పదహారేళ్లప్పుడు నా పాట రెజిమెంటల్ బజార్‌లోని ఒక ఇరానీ హోటల్లో, గల్లాపెట్టె పక్కనున్న గ్రామఫోనులో కాపురముండేది. ఉర్దూ పాట. కిటికీ దగ్గర నిలబడి, రాని మనిషి కోసం ఎదురుచూసే ఒకామె గోడు (ఆ రాని మనిషిని నేనేనని నాకు గట్టి అనుమానం, అప్పటికింకా మీసమైనా మొలవలేదు). ఒక్క చాయ్ ముందు పెట్టుకుని మూడుసార్లు వినేవాణ్ణి. మొన్న మా మనవరాలు, "తాతా, మీ టైంలో సూపర్ హిట్ పాట ఏంటి?" అని అడిగితే ఠీవిగా గొంతు సవరించుకుని నోరు తెరిచాను. ఆ పాటలో ఒక్క ముక్క రాలేదు. ఆ పాటను నా చేతులతో నేనే మాయం చేశాను మరి.

పోలీసు చర్య రోజులవి. భారత సైన్యం వస్తోందని ఊరంతా వణికిపోతోంది. అమ్మ బియ్యమూ కిరసనాయిలూ మంచం కింద దాచింది. హోటల్లో గ్రామఫోను మూతపడి, జనమంతా వార్తల కోసం రేడియో చుట్టూ మూగారు. నా బెంగ మాత్రం ఒక్కటే, రెండో చరణం నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. ఒక్కసారి ఆ రికార్డు పెట్టించమని మా బక్కోణ్ణి బతిమాలాను. వాడు నా నేస్తం, మా చర్చి వాడే, గల్లాపెట్టె దగ్గర వాడికి చనువెక్కువ. "ఏందిర నువ్వు? దునియా అంత పరేషాన్ల ఉంటె నీకు పాట గావాల్నా?" అని నలుగురిలో కడిగేశాడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం వాడి మీద కోపమే వచ్చింది.

గొడవ సద్దుమణిగాక ఒక ఆదివారం మా చర్చిలో కృతజ్ఞతా ఆరాధన పెట్టారు. హార్మోనియం వాయించేది నేను. సంఘ పెద్ద అయిన నాన్న పదిమందిని అడిగి ఇప్పించిన చోటు అది. (లెక్కల్లో నా మార్కులు చూశాక ఆయనకు నా మీద మిగిలిన ఆశ ఆ పెట్టె ఒక్కటే.) ప్రసంగానికి ముందు అందరూ కళ్లు మూసుకుని మౌనంగా ప్రార్థిస్తుంటే నేను మెల్లగా ఏదైనా కీర్తన వాయించాలి. నేనూ కళ్లు మూసుకున్నాను. వారాల తరబడి ఆ పాట వినక మొహం వాచిన నా వేళ్లు వాటంతటవే ఆ పాటలో ఆమె కిటికీ దగ్గరికి వెళ్లిపోయాయి. వెనక బల్లల్లో ఎవరిదో బూటు తాళం వేయడం మొదలుపెట్టింది. కళ్లు తెరిచి చూస్తే బక్కోడు రుమాలు నోట్లో కుక్కుకుంటున్నాడు. మధ్యలో ఆపితే దొరికిపోతానని చివరిదాకా వాయించేశాను.

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు పిలిచారు. పక్కనే నాన్న. ఇక హార్మోనియం పోయింది, ఇంట్లో అన్నం కూడా పోయినట్టే అనుకుంటూ వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"బాబూ, ఆ రాగం ఎక్కడిదిరా? నాకు కన్నీళ్లొచ్చేశాయి. దానికి మాటలున్నాయా?" అన్నారు అయ్యగారు.

నాన్న ముఖం చూశాను. నన్ను చూసి ఆయన అంత సంతోషించడం అదే మొదటిసారి. "ఉన్నాయండీ, ఇంటి దగ్గరున్నాయి" అనేశాను.

"అయితే వచ్చే ఆదివారం అందరికీ నేర్పించు."

బయట బక్కోడు కాచుకుని ఉన్నాడు. "నిజం జెప్తె మీ నాయిన నిన్ను ఇంట్లకు రానిస్తడా? జెర కూసొని రాయి. కిటికీ తీసేసి గుడి తలుపు పెట్టు" అన్నాడు. వారమంతా కూర్చుని అదే చేశాను. ఆమె స్థానంలో పాపిని నిలబెట్టాను, రాని మనిషి స్థానంలో రక్షకుణ్ణి రప్పించాను. ఒక్కో మాటా రాసి, పాత మాట పొరపాటున నోట్లోంచి జారకుండా కొత్తదాన్ని నూరుసార్లు వల్లెవేశాను. ఆదివారం సంఘమంతా పాడింది. అందరికంటే గట్టిగా పాడింది వెనక బల్లల వాళ్లే. ఇరానీ హోటల్ గడప తొక్కడం పాపమనుకునే నాన్న, ముందు వరసలో కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేశారు.

ఆ పాట అలాగే ఉండిపోయింది. నా పెళ్లికి అదే పాడారు, నాన్నను సమాధి చేసిన రోజునా అదే పాడారు. కిటికీ దగ్గరి ఆమె మాత్రం నా నోట్లోంచి ఎప్పుడు వెళ్లిపోయిందో తెలియదు. హోటలూ లేదు, బక్కోడూ లేడు, ఇక అడగడానికి ఎవరూ లేరు. మనవరాలి ముందు ఎంత పెనుగులాడినా నా నోట వచ్చింది నా కీర్తనే. "ఇది చర్చి పాట కదా తాతా!" అని పాపం జాలిపడింది.

మొన్న ఆదివారం కూడా చర్చిలో అదే పాడారు. రెండో చరణంలో చూసుకుంటే, బల్ల కింద నా కుడికాలు హోటల్ తాళం వేస్తోంది. మాటలన్నీ పోయినా దానికి మాత్రం ఏదీ మరుపు రాలేదు. ముందు వరసలో నాన్న లేరని తెలిసి కూడా, గబుక్కున ఎడమకాలితో దాన్ని తొక్కిపట్టాను.